సోమి జాడ

ఆ కాలానికి పాలమూరు గొర్రెలకు మాటలు రాలేదు గానీ, వాటి ఊపిరికి వచ్చాయి.

పొద్దు బారెడెక్కేసరికి మందలు అద్దాల పొలాల్లోకి దిగేవి. ఒకప్పుడు జొన్నలూ ఆముదాలూ పండిన చెల్కల నిండా ఇప్పుడు ఎండను కరెంటుగా మార్చే పలకలు. వాటి నీడన గడ్డి ఏపుగా పెరుగుతుంది. ఆ గడ్డి పలకల మీదికి పాకకుండా చూడటానికి గొర్రెను మించిన యంత్రం ఇంకా పుట్టలేదు. అందుకే తాతల కాలంలో మంద గట్టు తొక్కితే కర్ర పట్టుకుని ఉరికొచ్చినవాళ్ల మునిమనవలు ఇప్పుడు కాపరులకు ఫోన్లు చేసి, "మా పలకల కిందికి ఎప్పుడొస్తారన్నా?" అని బతిమాలుతున్నారు. ఓడలు బళ్లవుతాయన్నారు గానీ, కర్రలు ఫోన్లవుతాయని పెద్దలెవరూ చెప్పలేదు.

ప్రతి మందలోనూ ముందు నడిచే గొర్రె మెడలో ఒక గంట ఉండేది. చూడటానికి పాతకాలపు కంచు గంటే. లోపల నాలుక ఉండాల్సిన చోట మాత్రం చూసే, వినే, పలికే చింతగింజంత పరికరం ఉండేది. దాని పేరు నెమరు.

నెమరు చేసే పని చెప్పడానికి సులువే. గొర్రె ఆకు తింటుంది, తిన్నది తీరిగ్గా నెమరేస్తుంది, నెమరేస్తూ తేన్చుతుంది. ఒక్కో ఆకుకు ఒక్కో వగరు, ఒక్కో చేదు. పొట్టలో పులిసినప్పుడు ఒక్కోదానికి ఒక్కో వాసన. గంటలోని వాసనపట్టు, అంటే మాలిక్యులర్ సెన్సర్, ఆ తేన్పును పట్టి ఇది రేగు, ఇది బలుసు, ఇది నల్లతుమ్మ అని విడదీస్తుంది. గొర్రె ఎక్కడెక్కడ తిరిగిందో ఉపగ్రహం చెబుతుంది. రెండూ కలిపితే ఏ గుట్ట మీద ఏ చెట్టుందో, ఏ పొదుందో పటం తయారవుతుంది. ఉపగ్రహాలు అంతకుముందూ పైనుంచి చూసేవి గానీ, వాటికి చెట్టు నడినెత్తి తప్ప ఏమీ కనిపించదు. బండల సందున బిక్కుబిక్కుమంటూ బతికే మొక్క జాడ గొర్రె నోటికే తెలుసు. మేకకు ఇంకా బాగా తెలుసు. కానీ మేక గంటను కూడా తినబోతుందని మొదటి ప్రయోగంలోనే తేలిపోయింది.

ఈ పరికరాన్ని ఊహించింది డాక్టర్ కనకలత. గొర్రెలు కాసే కురుమల ఇంటి పిల్ల. వృక్షశాస్త్రం చదివి, పాలమూరు పక్కన దక్కను వృక్ష పునరుద్ధరణ కేంద్రంలో శాస్త్రవేత్తగా చేరింది. నెమరుకు మెదడు కట్టినవాడు ఆమెతో పనిచేసే హైదరాబాద్ ఇంజనీరు సర్ఫరాజ్. నోరిచ్చినవాడు మాత్రం కనక మేనమామ బాలమల్లు.

వాసనలు పట్టగానే సరికాదు కదా. ఏ ఆకు పిల్లతల్లి గొర్రెకు పాలు దింపుతుందో, ఏ చెట్టు కొమ్మ దొడ్డికి కంచెగా నిలుస్తుందో, ఏది మునుపు కుప్పలు తెప్పలుగా ఉండి ఇప్పుడు అరుదైందో ఎవరో ఒకరు యంత్రానికి చెప్పాలి. బాలమల్లు కొన్నేళ్లపాటు తన మంద ముందు నడిచే బొల్లి అనే గొర్రెకు గంట కట్టి, దాని పక్కన నడుస్తూ గంటతో కబుర్లు చెప్పాడు. గంటకు ఆయన యాస వచ్చింది, ఆయన విసుర్లు వచ్చాయి. గొంతు మాత్రం ఆయనది కాదు. అది వద్దని కనకే అంది. గొంతు కూడా ఆయనదే అయితే, ఆయన పోయాక వినగలనా అని భయపడింది.

"గొర్రెకు గంట గడితె గొర్రె యాడున్నదో ఎర్కయితది," అని నవ్వేవాడు బాలమల్లు. "గంటకు మాటలు గడితె ఏమెర్కయితది బిడ్డా?"

"అన్నీ ఎర్కయితయి మామా," అనేది కనక.

"అన్నీనా? అయితె కష్టమే," అనేవాడు.

ఆయన పోయిన ఎండాకాలం కన్నుమూశాడు. మందను కనక అమ్మలేదు. కేంద్రం వెనక దొడ్డి వేయించి పెట్టుకుంది.

* * *

ఇప్పుడు కనకను కాల్చుకు తింటున్నది సోమిచెట్టు.

సోమి ఒకప్పుడు ఈ గుట్టల మీద బాగానే ఉండేది. దాని బెరడు చేదు. విరిగిన గొర్రె కాలికి ఆ బెరడు దంచి కట్టు కడితే ఎముక తొందరగా అతుక్కుంటుందని కాపరుల నమ్మకం. తర్వాతి రోజుల్లో ఆ బెరడుకు పట్నంలో గిరాకీ వచ్చింది. బేరగాళ్లు వచ్చి మాను చుట్టూ ఒలిచేశారు. చుట్టూ ఒలిస్తే ఏ చెట్టూ బతకదు. ఒక తరం గడిచేసరికి సోమి పేరు మిగిలింది, చెట్టు మిగల్లేదు.

కేంద్రంలోని శీతల విత్తన గదిలో, ఎప్పుడో వేర్వేరు గుట్టల నుంచి సేకరించిన సోమి గింజలు కాసిని దొరికాయి. కనక వాటిని మొలిపించింది. మొలకలు ముచ్చటగా లేచాయి, మోకాలెత్తు పెరిగాయి, ఆ తర్వాత కొసల నుంచి ఎండటం మొదలుపెట్టాయి. కారణం ఆమెకు తెలుసు. సోమి వేళ్లను అంటిపెట్టుకుని ఒక సన్నని వేరుబూజు, అంటే మైకోరైజా, బతుకుతుంది. వేరుకు నీళ్లూ సారమూ అందించేది అదే. ఆ బూజు బతికున్న ముసలి సోమి మొదట్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఒక్క పిడికెడు మట్టి దొరికితే చాలు, మొక్కలు నిలబడతాయి. దొరక్కపోతే ఇవే ఆఖరు. విత్తన గదిలో ఇక గింజల్లేవు.

"నెమరూ, సోమి ఎక్కడన్నా ఉందా?" అని ఆమె ఆ నెలలో ఎన్నోసారో అడిగింది.

బొల్లి తాపీగా నెమరేస్తోంది. దాని మెడలోంచి గంట పలికింది. "సోమియా? అయ్యో, యాడిది బిడ్డా! ఎప్పటి ముచ్చట అది! ఎప్పుడో పోయినయ్."

బతికుండగా బాలమల్లు చెప్పిన మాటా అదే. కనక నిట్టూర్చి లేచింది. సర్ఫరాజ్ లేవలేదు. తన తెర మీద, బాలమల్లు ఉన్న రోజుల్లో బొల్లి తిరిగిన దారులు చూస్తున్నాడు.

"కనకా, ఇది చూడు. ఈ గొర్రె కొన్ని మధ్యాహ్నాలు ఊపిరే తీసుకోలేదు."

"ఏంటీ?"

"ఆ పూటలు తేన్పుల లెక్క లేదు. దారి కూడా లేదు. మళ్లీ సాయంత్రం దొడ్డి దగ్గర ఊపిరి మొదలవుతుంది. గొర్రె పూటంతా ఊపిరి బిగబట్టి నిలబడుతుందా? నేను సెన్సర్ విప్పి చూశాను. బంగారంలా ఉంది." అతను తెర పక్కకు నెట్టాడు. "నీ యంత్రం చెడిపోలేదమ్మా. ఆ లెక్క దాచేసి అబద్ధమాడుతోంది."

"యంత్రం అబద్ధమెలా ఆడుతుంది?"

"నేర్పితే ఆడదా? మనం ఆకుల పేర్లు నేర్పిస్తున్నాం అనుకున్నాం. అది మామ మాట్లాడిన ప్రతి మాటా విన్నది. నీతో మాట్లాడినవీ, దారిన పోయేవాళ్లతో మాట్లాడినవీ."

దారిన పోయేవాళ్లు అనగానే కనకకు చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది.

అప్పుడామె మామ వెంట మందలో తిరిగే పిల్ల. బెరడు బేరగాళ్లు వచ్చి సోమి ఎక్కడుందని అడిగేవాళ్లు. బాలమల్లు వాళ్లను చూసి మురిసిపోయేవాడు. "అయ్యో, గంత దూరంకెల్లి వచ్చిండ్రా! ఎర్రగుట్ట మీదికి పోండ్రి. ఉంటె ఆడనే ఉంటది. జర్ర సల్ల తాగి పోండ్రి," అని చల్లటి మజ్జిగ ముంతలో పోసి ఇచ్చేవాడు. వాళ్లు దండాలు పెట్టి ఎర్రగుట్ట ఎక్కేవాళ్లు.

"ఎర్రగుట్ట మీద సోమి లేదు గద మామా?" అని అడిగితే, "లేదు. గుట్టెక్కితె ఆకలయితది. ఆకలయితె ఇంటికి పోతరు," అనేవాడు.

అదే మామ, ఏ ఊరివాడో తెలియని కాపరి ఒకడు కాలు విరిగిన గొర్రెపిల్లను భుజాన వేసుకుని వచ్చిన రోజు, కలుపుకున్న జొన్నగట్క అలాగే వదిలేసి లేచాడు. సోమి ఎక్కడుందని ఆ మనిషి అడగనేలేదు. బాలమల్లు మందను కనకకు అప్పగించి, అతన్ని వెంటబెట్టుకుని పోయాడు. అది మామ ఒక్కడి పద్ధతి కాదు, కాపరులందరి కట్టుబాటు. అడిగినవానికి సల్ల, ఆపదలో ఉన్నవానికి సోమి.

"అంటే చెట్టు ఉంది," అంది కనక. ఆ మాట సంతోషంగా అనాల్సింది. కానీ ఆమెకు సంతోషం కలగలేదు. "సర్ఫరాజ్, నేనడిగినప్పుడు కూడా మామ లేదన్నాడు. నేను కూడా ఆయనకు బెరడు బేరగత్తెనేనా?"

సర్ఫరాజ్ బొల్లి వీపు నిమిరాడు.

* * *

సంగతి డైరెక్టర్ వేదవల్లి గారికి తెలియక తప్పలేదు. ఆవిడ గోదావరి లంకల మనిషి. నిక్కచ్చి మనిషి, కానీ చెడ్డది కాదు. 'దాచిన జ్ఞానం చచ్చిన జ్ఞానం' అనేది ఆవిడ నమ్మకం. మనసులోనే దాచుకుని కాలం చేసిన వైద్యులూ కాపరులూ ఎంత విద్య తమతో తీసుకుపోయారో తలచుకుని నిజంగా బాధపడే మనిషి. అందుకే కేంద్రం కనిపెట్టిన ప్రతి చెట్టునూ ఆ రోజే ప్రజాపటంలో పెట్టాలని నియమం చేసింది. ప్రజాపటం ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

ఆ నియమానికి ఒకసారి దెబ్బ తగిలింది. బాలమల్లు చెప్పగా నెమరు తపసి చెట్ల గుంపునొకదాన్ని పట్టుకుంది. కనక ఎగిరి గంతేసి పటంలో పెట్టింది. తపసి జిగురుకు మంచి ధర. ఎవరో వచ్చి గొడ్డళ్లతో లోతుగా గాట్లు పెట్టి జిగురు పిండుకుపోయారు. ఆ ఎండాకాలానికే చెట్లు మోడులయ్యాయి. కనక ఆ మోడుల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. బాలమల్లు ఒక్క మాట అనలేదు. గొంగడి ఆమె భుజాన కప్పి ఇంటికి తీసుకొచ్చాడు.

"అది కాపలా లేకపోవడం వల్ల జరిగిన తప్పు, చెప్పడం వల్ల జరిగింది కాదు," అంది వేదవల్లి గారు ఇప్పుడు. "చూడు కనకా, నిజం చెప్పని కొలబద్ద మనకెందుకు? వానలు పడేలోపు అది నోరు విప్పితే సరి. లేదంటే మొత్తం తుడిచేసి మళ్లీ మొదటి నుంచి నేర్పిద్దాం."

తుడిచేయడం అంటే బాలమల్లు చెప్పినదంతా పోవడం. విప్పి చూసి కావలసింది ఏరుకుందామంటే, నెమరు జ్ఞాపకం అరల్లో సర్దిన సామాను కాదు. ఉప్పు నీళ్లలో కలిసినట్టు అంతటా కలిసిపోయి ఉంటుంది. ఇటు ఎండుతున్న మొక్కలు వానల దాకా ఆగేలా లేవు, అటు మామ మాట చెరిగిపోబోతోంది. రెండూ వానలతోనే ముడిపడ్డాయి.

సర్ఫరాజ్ ఒక ఉపాయం పన్నాడు. ఒక గొర్రెపిల్ల కాలికి తెల్లగుడ్డ చుట్టి, బొల్లి ఎదురుగా నిలబెట్టి, "అరె నెమరూ, పిల్ల కాలు విరిగింది! ఎక్కడికి పోవాలో చెప్పు!" అని గుండెలు బాదుకున్నాడు.

గంట పలికింది. "సర్ఫరాజ్ సాబ్, కాలిరిగినంక గూడ పిల్ల మంచిగ దుంకుతున్నది సూడుండ్రి. గుడ్డిప్పుండ్రి, నోట్లె వెట్టుకుంటది."

కనక చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇక అడగకూడదని ఆ పూటే నిశ్చయించుకుంది. మామ వద్దనుకున్నది యంత్రాన్ని పీడించి రాబట్టుకోవడం ఆమెకు నచ్చలేదు. ఉన్న నాలుగు రోజులూ మందతో తిరిగి ఆ మాటలు వింటే చాలనుకుంది.

* * *

మబ్బులు అక్కడక్కడా తేలుతున్న ఒక మధ్యాహ్నం మంద గుండ్లగుట్ట వాలు మీద మేస్తోంది. మామ గొంగడి భుజాన వేసుకుని కనక వెనక నడుస్తోంది. నెమరు దారి పొడవునా కబుర్లు చెబుతోంది. ఈ బలుసు పండ్లు తొలకరికి పండుతాయని, ఈ పరికికంప మీద చెయ్యి వేస్తే నాలుగు దిక్కులా గుచ్చుకుంటుందని. ఉన్నట్టుండి గాలి లేచింది. ఒక రాయి దొర్లింది. దాని మీద ముందరి కాళ్లు ఆనించి కొమ్మ అందుకుంటున్న బొల్లి రాయితో పాటు కిందికి జారిపోయింది.

కనక పరుగున దిగేసరికి బొల్లి పక్కకు ఒరిగి పడి ఉంది. ముందరి కాలు మోకాలి కింద వేలాడుతోంది. గొర్రె గట్టిగా అరవదు. నోరు తెరిచి ఊపిరి తీస్తూ ఆమె వంకే చూస్తోంది.

చేతి పట్టీ నొక్కితే పశువైద్య డ్రోన్ వస్తుంది. కానీ ముసలి గొర్రె కాలు విరిగితే డ్రోన్ వైద్యం చేయదు. నొప్పి లేని సూది వేసి పోతుంది. నిబంధన అలాగే ఉంది. కనక వేలు పట్టీ దాకా వెళ్లి ఆగిపోయింది. బొల్లి తలను ఒళ్లోకి తీసుకుంది. మామ ఈ గొర్రె చెవులు పట్టుకుని పాటలు పాడేవాడు.

"నెమరూ," అంది. చదువుకున్న మాటలన్నీ ఎటు పోయాయో, మందలో పెరిగిన పిల్ల మాటే వచ్చింది. "దీనికి నొస్తున్నదే. నాకేం జెయ్యాల్నో సమజైతలేదు."

సోమి పేరు ఆమె ఎత్తలేదు. ఆ క్షణాన గుర్తు కూడా లేదు.

గంట మామూలు కన్నా నెమ్మదిగా పలికింది. "లే బిడ్డా. భుజాలకు ఎత్తుకో. ఇరిగిన కాలు నీ దిక్కు రానియ్యకు. పొద్దు మొకాన గొట్టేతట్టు నడువు."

బొల్లి బరువుకు కనక మెడ వంగిపోయింది. గంట ఆమె చెవి పక్కనే వేలాడుతోంది. "ఎడమకు మర్లు. జర్ర ఆగు, దమ్ము దీసుకో. ఆ బండ మీద కాలువెట్టకు, కదులుతది." మామతో నడుస్తున్నట్టే ఉంది. ఒకచోట పడబోయింది, ఒకచోట ఏడ్చింది. మంద తన పాటికి తాను వెనక వస్తోంది. పొద్దు గుట్ట మీద కూర్చునే వేళకు మూడు పెద్ద గుండ్ల నడుమ ఉన్న ఇరుకు సందులో నుంచి దూరింది.

లోపల చిన్న లోయ. నడుమ ఒక ముసలి మాను, చుట్టూ పడుచు మొక్కలు. చిగుళ్లు ఎర్రగా మెరుస్తున్నాయి. ఎండిన నమూనాల్లో, పాత ఫోటోల్లో తప్ప ఎన్నడూ చూడని ఆ ఆకును కనక గుర్తుపట్టింది. ప్రతి మొక్కకూ మొదట్లో పాదు చేసి, రాళ్లు పేర్చి ఉంది. ప్రతి కొమ్మకూ దిష్టితాడులా ఒక నల్లని ఉన్నిపోగు కట్టి ఉంది. మామ గొంగడి అంచు ఏటేటా ఎందుకు కురచవుతూ వచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"ఊకె సూస్తవేంది?" అంది నెమరు. "మాను ఉత్తరం దిక్కు, అరచెయ్యంత ఎడల్పు. నిలువుగ దియ్యి, సుట్టు దియ్యకు. తీసినంక పెండ, మట్టి గలిపి పూయి."

ఆమె అలాగే చేసింది. బెరడు రాతి మీద నూరి కాలికి పట్టించి, పుల్లలు పెట్టి, తన పైట చింపి కట్టింది. మాను గాయానికి పేడా మట్టీ పూసింది. పక్కనే అలాంటి పాత గాయాలు మానిన మచ్చలు ఉన్నాయి. అవన్నీ ఎవరి గొర్రెల కోసమో మామ తీసినవి. బొల్లి కళ్లు మూసుకుని నెమ్మదించాక కనక మానుకు ఆనుకుని కూర్చుంది.

"నెలంతా అడిగితె లేదంటివి. ఇప్పుడు తోల్కొస్తివి."

"అడిగితె లేదనాలె, ఆపదయితె తోల్కపోవాలె. బాలమల్లు గట్లనే జేసెటోడు."

"నాక్కూడ లేదనాల్నా?"

"నీకు అందరికన్న ముందుగాల అనాలె అన్నడు."

కనక కళ్లు మూసుకుంది. అడగాలని ఉంది, వినడానికి భయంగా ఉంది. అయినా అడిగింది. "ఎందుకన్నడు? ఆయన అన్న మాటే జెప్పు, పొల్లువోకుంట."

"'కనక సక్కటి పిల్ల. దాని నోట్లె అబద్ధం నిలువదు. ఈ తావు దానికి జెప్తె, రేపెవలన్న అడిగిననాడు దాసలేక సస్తది. ఉన్నది ఉన్నట్టు జెప్పి, ఎనుక కూసుండి ఏడుస్తది. తపసి పోయిననాడు సూసిన, మల్ల నేను సూడలేను.' గిదే మాట. బొల్లికి నీళ్లు దాపుకుంట అన్నడు."

కనక మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడాది నుంచి గుండెలో బిగుసుకుపోయిందంతా కరిగిపోయేదాకా ఏడ్చింది. మామ ఆమెను నమ్మకపోవడం కాదు. ఆమె గుణం తెలిసి, ఆ బరువు ఆమె మీద పడకుండా తానే మోసి వెళ్లిపోయాడు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని మొక్కలన్నీ కలయతిరిగింది. తిరిగే కొద్దీ ఆమెలోని శాస్త్రవేత్త మేలుకుంది. ఒక్క మొక్కకూ కాయ లేదు. రాలిన కాయ డిప్పలు కూడా లేవు. మొదళ్లు తవ్వి చూసింది. అన్నీ ముసలిమాను వేరు పిలకలే. ఒకే తల్లి పిలకలు ఎన్నయినా, వాటిలో అవి పూస్తాయే గానీ కాయవు. వేరే గుట్టల విత్తనానికి పుట్టిన మొక్కలు పక్కన ఉంటేనే కాయ పడుతుంది. అలాంటి మొక్కలు ఈ లోకం మీద ఒక్కచోటే ఉన్నాయి. కేంద్రం నర్సరీలో, ఎండిపోతూ.

"మామా, నువ్వు గూడ తప్పు జేసినవే," అంది నవ్వుతూ, ఇంకా తడి ఆరని కళ్లతో. "ఇంత గట్టిగ దాస్తె నీ సోమి ఈన్నే ముసలిదై పోతుండె గదా. చెప్తే నేను పోగొడుదును, చెప్పక నువ్వు పోగొడుదువు."

దానికి జవాబు బాలమల్లు గంటకు నేర్పలేదు.

చెట్టు మొదట్లోని మట్టి గొంగడి చెంగున మూట కట్టుకుంది.

* * *

కొన్ని వారాలకు తొలకరి పడింది. పిడికెడు మట్టి తగిలిన మొక్కలు కొసల నుంచి మళ్లీ పచ్చబడ్డాయి. కొన్నింటిని కనక ఒక్కతే మోసుకుపోయి మూడు గుండ్ల నడుమ నాటి వచ్చింది. బొల్లి కుంటుతూనైనా మంద ముందుకు వచ్చి నిలబడింది.

ఆ వారం వేదవల్లి గారు నర్సరీకి వచ్చింది. పచ్చటి మొక్కలను చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత అడగాల్సిన మాట అడిగింది.

"ఈ మట్టి ఎక్కడిది కనకా? చెట్టు ఎక్కడుంది?"

కనక నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగి ఆమె అబద్ధమాడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ల ముందు తపసి మోడులు కదిలాయి, నల్లని ఉన్నిపోగులు కదిలాయి. "పిట్టలగుట్ట మీద మేడమ్," అంది.

అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. ప్రాణం మాత్రం హాయిగా ఉంది.

వేదవల్లి గారు గుమ్మంలో నెమరేస్తున్న బొల్లి వైపు తిరిగింది. "అవునా నెమరూ?"

"సోమియా అమ్మా? ఎర్రగుట్ట మీద ఉన్నది. గంత దూరంకెల్లి వచ్చిండ్రు, జర్ర సల్ల తాగి పోండ్రి."

కనక తల వంచుకుంది. దొంగలిద్దరూ ఒక మాట అనుకోకుండా దొరికిపోయినట్టయింది. అప్పుడు, అబద్ధమాడే యంత్రాన్ని మొదట పట్టుకున్న సర్ఫరాజ్ గట్టిగా దగ్గాడు.

"ఇద్దరూ పొరబడ్డారు మేడమ్," అన్నాడు చాలా గంభీరంగా. "లెక్క నేను చూశాను కదా. అది దేవరకొండ వాలులో ఉంది." అతను ఆ వైపు ఎప్పుడూ పోలేదని అక్కడున్న అందరికీ తెలుసు.

వేదవల్లి గారు ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఇద్దరు మనుషులు, ఒక గంట. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో చాలాసేపు తుడిచింది.

"మా తాత గోదావరిలో వల వేసేవాడు," అంది చివరికి. "పులస ఎక్కడ పడిందని అడిగితే మా నాన్నక్కూడా తప్పుడు రేవే చెప్పాడు. పోయేదాకా చెప్పలేదు. నాకు ఆయన మీద ఎంత కోపమో. ఆ కోపంతోనే ఈ పటం మొదలుపెట్టాను." ఆవిడ ఒక సోమి ఆకును వేళ్ల మధ్య నిమిరింది. "ఇవి పెరిగి కాయలు కాస్తాయా కనకా?"

"కాస్తాయి మేడమ్. గింజలు అన్ని గుట్టలకూ పంచుదాం. అందరి ఇంటి ముందూ ఉన్ననాడు దాచాల్సిన పని ఉండదు."

"అందాకా?"

కనక ఒంగి మొక్క మొదట్లో మట్టి సర్దింది.

"సరే, యంత్రాన్ని తుడవకండి," అని ఆవిడ లేచింది. "పటంలో నేనే పెడతాను. నియమం నియమమే."

ఆవిడ కారు మలుపు తిరగగానే సర్ఫరాజ్ పటం తెరిచాడు. సోమి గుర్తు అప్పటికే వచ్చేసింది. చెట్టు ఉన్న స్థలం కచ్చితంగా చూపిస్తోంది. పెద్దవాగు జలాశయానికి సరిగ్గా నట్టనడుమ, లోతు నీళ్లలో.

సర్ఫరాజ్ పడీ పడీ నవ్వాడు. కనక నవ్వుతూనే వెళ్లి బొల్లి పక్కన కూర్చుంది. కట్టు విప్పిన కాలును మెల్లగా నిమిరింది. లోకంలో ఏ ఆకు ఎక్కడుందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలని చేసిన యంత్రం, ఒక్క తొలకరిలోనే ముగ్గురికి దాచడం నేర్పింది. మనిషి తనకు ప్రాణమైనదాన్ని మొదటి నుంచీ అలాగే కాపాడుకుంటున్నాడు కాబోలు.

ఆమె గంటను చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుంది.

"నెమరూ, నిజం జెప్పు. సోమి యాడున్నది?"

"సోమియా?" అంది గంట. "ఎప్పటి ముచ్చట బిడ్డా అది! జర్ర సల్ల తాగి పో."